రోగిని చూసుకునే మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?



ఈ పుస్తకంలోని పాఠాలు చాలావరకు రోగి గురించే ఉంటాయి. ఈ పాఠం మాత్రం రోగి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మీ గురించి.

రాత్రి తొమ్మిది గంటలకు వార్డులో రౌండుకు వెళ్ళినప్పుడు ముందు రోగి నాడి, బీపీ, గ్లూకోజు బాటిలు చూస్తాను. ఆ తరువాత పక్కనున్నవారిని అడుగుతాను: “అమ్మా, అన్నం తిన్నారా?”

“తిన్న సిస్టర్, ఇప్పుడే తిన్న.”

మంచం కింద ఉన్న టిఫిన్ క్యారియర్ చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది. పొద్దున ఊరి నుండి ఎవరో బస్సులో పంపిన అన్నం మూత తీయకుండా అలాగే ఉంటుంది.

“రాత్రి నిద్రపోయారా?” అని అడుగుతాను.

“నాకేమైతది సిస్టర్? నేను మంచిగనే ఉన్న. ఆయన సంగతి చూడండి.”

ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. సూర్యాపేట నుండి వచ్చినవారైనా, కోదాడ వారైనా, మిర్యాలగూడ వారైనా ఈ రెండు జవాబులే చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కాని రెండూ నిజం కావు. ఈ జవాబులు చెప్పినవారిలో కొందరిని నాలుగు రోజుల తరువాత అదే వార్డులో ఇంకో మంచం మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అప్పుడు ఇంట్లో రోగులు ఇద్దరు, చూసుకునే మనిషి ఒక్కరూ లేరు.

అందుకే ఈ పాఠంలో రెండు సంగతులు చెప్పుకుందాం. మొదటిది, రోగిని చూసుకుంటూనే మీ ఒంటిని, మనసును నిలబెట్టుకునే చిన్న చిన్న రోజువారీ అలవాట్లు. రెండవది, “నాకేం కాలేదు” అనే మాట పక్కన పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం. రెండవది లేకుండా మొదటిది ఎక్కువ రోజులు నిలవదు.

మన దగ్గర రోగి సేవ అంటే

మన ఇళ్ళలో రోగి సేవకు జీతం ఉండదు, డ్యూటీ టైము ఉండదు, సెలవు ఉండదు. చేసే పని ఆగదు కూడా. కోతల సమయంలో భర్త వార్డులో ఉంటే, వడ్లు ఐకేపీ కేంద్రంలో కుప్ప పోసి ఉంటాయి. మొగులు పట్టిందంటే ఆమె ప్రాణం ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. మిర్యాలగూడలో రైసు మిల్లు పనికి పోయే తల్లికి బిడ్డ ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ కూలి పోతుంది. కోదాడ దగ్గరి కుటుంబాన్ని పెద్దాస్పత్రికి వెళ్ళమంటే ఖమ్మమా, విజయవాడా, హైదరాబాదా అని తేల్చుకోవడానికే ఒక రాత్రి గడిచిపోతుంది. ఆ రాత్రి కూడా నిద్ర ఉండదు.

కొన్ని జబ్బులు పది రోజుల్లో తగ్గుతాయి. పక్షవాతం, కిడ్నీ జబ్బు, క్యాన్సర్, మతిమరుపు వంటివి నెలలు, సంవత్సరాలు ఉంటాయి. ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసింది. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నంతో చేసే ఒక పద్ధతిని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దానికి పేరే ‘నల్గొండ పద్ధతి’. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు ఇళ్ళకు వచ్చాయి. కాని ఒకసారి వంగిన ఎముకను మళ్ళీ నిటారుగా చేసే మందు లేదు. కాళ్ళు వంగిన బిడ్డను బడికి, దవాఖానకు, చివరికి స్నానానికి కూడా చేతుల మీద మోసిన తల్లులు ఈ జిల్లాలో ఉన్నారు. బిడ్డ పెరిగి పెద్దయ్యాడు, తల్లికి నడుము వంగింది, మోయడం మాత్రం ఆగలేదు.

అలాంటి సేవ ఒక్క రోజు పరుగు కాదు, చాలా దూరం నడక. దూరం నడిచేవారు మధ్యలో నీళ్ళు తాగుతారు, చెట్టు నీడన కూర్చుంటారు. దాన్ని ఎవరూ బద్ధకం అనరు.

నేను చేసిన తప్పు

ఇతరులకు చెప్పే ముందు నా సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా నాయనకు పక్షవాతం వచ్చింది. పగలు డ్యూటీ, రాత్రి నాయన దగ్గర కాపలా. నేను నర్సును కదా, నాకు అన్నీ తెలుసు కదా అనుకున్నాను. అన్న ఫోన్ చేస్తే “నేను చూసుకుంటున్నా, నువ్వేం ఫికరు చెయ్యకు” అనేదాన్ని. తోటి సిస్టర్లు అడిగితే నవ్వేదాన్ని. ఇంటికి వచ్చాక కూర ఉన్నా అన్నంలో మజ్జిగ పోసుకొని నిలబడే తినేదాన్ని.

మూడో వారంలో ఒక రాత్రి నాయనకు బీపీ బిళ్ళ రెండుసార్లు ఇచ్చాను. ఒకసారి ఇచ్చిన సంగతి నాకు గుర్తే లేదు. తెల్లవారి ఆయనను లేపి కూర్చోబెడితే కళ్ళు తిరిగి మంచం మీద నుండి జారిపోయాడు. బీపీ బాగా పడిపోయింది. ఎముక విరగలేదు, ప్రాణం దక్కింది. బిళ్ళల షీటు తీసి లెక్క పెడితే ఒకటి తక్కువ ఉంది. అప్పుడు అర్థమైంది.

నాయనకు మాట సరిగా వచ్చేది కాదు. ఆ రోజు మాత్రం నెమ్మదిగా అడిగాడు: “బిడ్డా, నువ్వు పండుకోక ఎన్ని దినాలైంది?”

నేను అందరి దగ్గరా దాచాననుకున్నాను. మంచం మీద ఉన్నాయన దగ్గరే దాచలేకపోయాను. ఆ సాయంత్రం అన్నకు ఫోన్ చేసి “అన్నా, ఇది నా ఒక్కదాని వల్ల అయితలేదు” అన్నాను. ఆ మాట అనడానికి మూడు వారాలు పట్టింది. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత శనివారం, ఆదివారం తాను వస్తానన్నాడు. మొదటి వారం ఆయన చేసింది నాకు నచ్చలేదు. నాయనను పడుకోబెట్టే నీళ్ళు తాగించబోయాడు. పక్షవాతం ఉన్నవారిని లేపి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా, గుటక వేశాకే ఇంకో చెంచా ఇవ్వాలని నేర్పించాను. రెండో వారానికి నేర్చుకున్నాడు. నేను ఆ రెండు రాత్రులు నిద్రపోయాను. మళ్ళీ బిళ్ళ తప్పలేదు.

మీ ఒంట్లో ఏం జరుగుతుంది?

సరిగా నిద్ర, తిండి లేకుండా దిగులుతో ఉన్న ఒంటికి నష్టం జరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక సంగతి చూపించారు. 17 గంటలు ఆపకుండా మేలుకొని ఉన్న మనిషి చేతి పని, చురుకు కొంత మద్యం తాగిన మనిషిలో తగ్గినట్టే తగ్గాయి. మనం రోజంతా మేలుకొని, రాత్రి పదకొండు గంటలకు మందులు ఇస్తాం. ఆ చేతులతోనే ఇన్సులిన్ కొలుస్తాం.

1995లో అమెరికాలోని ఒహాయోలో ఇంకో పరిశోధన జరిగింది. మతిమరుపు జబ్బు ఉన్న తమవారిని ఇంట్లో చూసుకుంటున్న స్త్రీల చేతి మీద చిన్న గాయం చేసి ఎన్ని రోజులకు మానుతుందో చూశారు. అదే వయసున్న ఇతర స్త్రీల కంటే వారికి సుమారు 9 రోజులు ఆలస్యంగా మానింది. మనసులోని భారం చర్మం దాకా వస్తుందన్నమాట.

కాబట్టి మీ గురించి మీరు శ్రద్ధ తీసుకోవడం స్వార్థం కాదు. అది రోగికి ఇచ్చే మందులో ఒక భాగం.

రోజూ చేయాల్సినవి

ఇవి ఖర్చు లేనివి, వార్డులోనైనా ఇంట్లోనైనా చేయగలిగినవి. అన్నీ ఒకేరోజు మొదలుపెట్టవద్దు. రెండింటితో మొదలుపెట్టండి.

1. రోగి తిన్నాక మీరు తినండి. రోగికి గంజి పట్టిన వెంటనే మీ గిన్నె తెరవండి. ‘తరువాత తింటా’ అన్న అన్నం సాయంత్రానికి పాచిపోతుంది. రోజుకు పదిసార్లు చాయ్ తాగితే ఆకలి చస్తుంది కాని బలం రాదు. అన్నం, పప్పు, ఒక గుడ్డు లేదా పెరుగు, ఒక పండు ఉంటే చాలు. రోగికి తెచ్చిన పండ్లలో ఒకటి మీరు తింటే పాపం లేదు.

2. నీళ్ళ బాటిలు మీకు వేరే పెట్టుకోండి. బాత్రూము దూరమని నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళను చాలామందిని చూశాను. దానివల్ల మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి.

3. మీ మందులు మానవద్దు. ఇది అన్నిటికంటే ముఖ్యం. భర్త బిళ్ళలన్నీ నోటికి చెప్పగలిగిన అమ్మను “మీ షుగరు బిళ్ళ ఏది?” అని అడిగితే “ఇంట్ల మరిచిపోయి వచ్చిన, ఎనిమిది దినాలాయె” అంటుంది. ఆస్పత్రి సంచి సర్దేటప్పుడు మీ బిళ్ళలు ముందు పెట్టండి. రోగి బీపీ చూసేటప్పుడు “నాది కూడా ఒకసారి చూడండి” అని సిస్టరును అడగండి. మేము కసురుకోము.

4. నిద్రకు వంతులు వేసుకోండి. పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఒకేసారి దొరకకపోతే రాత్రి నాలుగు గంటలు, పగలు మూడు గంటలుగా పంచుకోండి. పది మంది చుట్టాలు పగలు ఒకేసారి వచ్చి కూర్చోవడం కంటే ఒక్కరు వచ్చి ఒక రాత్రి ఉండడం మేలు. వచ్చినవారికి ఆ మాట చెప్పండి.

5. మందుల కాగితం రాయండి. ఒక నోటుబుక్కులో తేదీ, టైము, మందు పేరు రాసి, ఇచ్చిన వెంటనే టిక్కు పెట్టండి. చదువు రాకపోతే పొద్దుటి మందులకు సూర్యుడు, రాత్రి మందులకు చంద్రుడు బొమ్మ వేయించుకోండి. నేను ఈ పని చేసి ఉంటే నాయనకు రెండో బిళ్ళ ఇచ్చేదాన్ని కాదు.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రోగుల సేవ గురించి ఒక పుస్తకం రాశారు. అది నర్సుల కోసం మాత్రమే కాదు, ఇంట్లో రోగిని చూసుకునే ఆడవారి కోసం కూడా రాసింది. మీరున్నప్పుడు జరిగే పని మీరు లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయాలని ఆమె అందులో గట్టిగా చెప్పారు. మందుల నోటుబుక్కు సరిగ్గా అలాంటి ఏర్పాటే. అది ఉంటే మీరు రెండు గంటలు పక్కకు పోయి నిద్రపోవచ్చు.

6. నడుము కాపాడుకోండి. మంచం మీదనే ఉండే రోగికి పుండ్లు పడకుండా రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. తిప్పేటప్పుడు నడుము వంచి గుంజవద్దు. మోకాళ్ళు కొంచెం వంచి, రోగికి దగ్గరగా నిలబడి, కింద మడిచి పరిచిన దుప్పటి పట్టుకొని ఇద్దరు కలిసి తిప్పండి. ఎలాగో మమ్మల్ని అడిగితే చూపిస్తాము.

7. చేతులు కడుక్కోండి. రోగిని ముట్టే ముందు, ముట్టిన తరువాత, మీరు తినే ముందు సబ్బుతో కడగండి. 2020, 2021లో కరోనా మనందరికీ ఈ అలవాటు నేర్పింది. కరోనా భయం పోయినా అలవాటు పోనీయవద్దు.

8. రోజుకు పదిహేను నిమిషాలు మీ కోసం ఉంచుకోండి. వార్డు బయటకు వచ్చి ఎండలో నడవండి. ముఖం కడుక్కొని తల దువ్వుకోండి. ప్రార్థన అలవాటున్నవారు ప్రార్థన చేసుకోండి. ఊరికే కూర్చొని మెల్లగా ఊపిరి తీసి వదిలినా మంచిదే. ఆ పదిహేను నిమిషాలు ఆస్పత్రి బిల్లు గురించి ఫోన్ మాట్లాడవద్దు.

అన్నలకు ఒక మాట. దిగులు తట్టుకోవడానికి రాత్రి మందు తాగి వచ్చి రోగి పక్కన పడుకుంటే, రోగి పిలిచినప్పుడు మీకు మెలకువ రాదు. గుట్కా, బీడీలతో నిద్ర ఇంకా చెడుతుంది. మనసు బరువైతే మనిషితో మాట్లాడండి.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం

మన దగ్గర ఓర్చుకునేవారిని గొప్పవారంటారు. ఓర్పు మంచిదే. కాని ఓర్పు వేరు, దాచుకోవడం వేరు. చెరువు కట్ట ఎందుకు తెగకుండా నిలుస్తుంది? గట్టిగా ఉన్నందుకే కాదు, అలుగు ఉన్నందుకు కూడా. నిండిన నీరు అలుగు మీద నుండి పోతేనే కట్టకు క్షేమం. మనసులో నిండినది చెప్పుకోవడం అలుగు పారడం లాంటిది. అది కట్ట బలహీనతకు గుర్తు కాదు.

ఎవరికి ఏం చెప్పాలి?

ఇంటివారికి: “మీరు రావాలి” అంటే ఎవరూ రారు. “గురువారం రాత్రి నువ్వు ఉండు, నేను ఇంటికి పోయి పండుకొని వస్త” అంటే వస్తారు. రోజు, పని, టైము చెప్పి అడగండి. కోడలి మీదనో, పెళ్ళికాని బిడ్డ మీదనో భారమంతా వేసి మిగతావారు ఫోన్లో పరామర్శించడం న్యాయం కాదు.

రోగికి: రోగి దగ్గర నవ్వుతూ ఉండాలనుకుంటారు, మంచిదే. కాని మీ ముఖం వారు రోజంతా చూస్తూనే ఉంటారు. “నాకు ఈ రోజు బాగా అలసటగా ఉంది, ఒక గంట పండుకుంటా, తమ్ముడు ఉంటడు” అని చెప్పండి. రోగికి బెంగ పెరగదు. మీరు కూడా పడిపోతారేమోనన్న భయం తగ్గుతుంది.

నర్సుకు, డాక్టరుకు: అర్థం కానిది అర్థం కాలేదని చెప్పండి. మందు తప్పితే తప్పిందని చెప్పండి. దాస్తే మేము మందు పనిచేయలేదనుకొని డోసు మార్చే ప్రమాదం ఉంది. డబ్బు సరిపోకపోతే సిగ్గుపడకుండా ముందే చెప్పండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆ పథకం ఉన్న ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రను అడిగితే మీ జబ్బుకు వర్తిస్తుందో లేదో చెబుతారు. అప్పు చేశాక అడగడం కంటే ముందు అడగడం మేలు.

మీకు మీరు: ఇది అన్నిటికంటే కష్టం. రోగి మీద కోపం వస్తుంది. బట్టలు నాలుగోసారి తడిపినప్పుడు, పెట్టిన అన్నం తోసేసినప్పుడు, రాత్రంతా పిలిచినప్పుడు వస్తుంది. ‘ఇది ఎప్పుడు ముగుస్తుందో’ అని కూడా అనిపిస్తుంది. వెంటనే ‘నేనెంత పాపిని’ అని ఏడుస్తారు. అమ్మా, ఆ ఆలోచన వచ్చినంత మాత్రాన మీకు ప్రేమ లేనట్టు కాదు. మీరు అలసిపోయారని అర్థం. అలా అనిపించినప్పుడు రోగిని భద్రంగా పడుకోబెట్టి, అయిదు నిమిషాలు బయటకు వచ్చి, నమ్మకమైన మనిషికి చెప్పుకోండి. చేయి లేచే దాకా ఆగవద్దు.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు

కింది వాటిలో ఏ ఒక్కటి రెండు వారాలు దాటినా డాక్టరుకు చెప్పండి:

- పడుకునే వీలున్నా నిద్ర పట్టకపోవడం
- ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం
- ఏ పని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం
- ప్రతి చిన్నదానికి కోపం, చేయి చేసుకోవడం
- రోజూ తాగకుండా ఉండలేకపోవడం

ఛాతీలో నొప్పి, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడడం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా చెప్పండి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి.

‘బతకడం ఎందుకు’ అన్న ఆలోచన వస్తే, అది ఒక్కసారే వచ్చినా సరే, ఒంటరిగా ఉండవద్దు. పక్కవారికి చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. ఇది 2022లో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ సేవ. డబ్బులు పడవు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

నయం కాని జబ్బుతో నొప్పి పడుతున్న రోగి ఇంట్లో ఉంటే, ప్రభుత్వ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ గురించి అడగండి. నొప్పి తగ్గించడం, పుండ్లు చూడడం, చూసుకునేవారికి నేర్పించడం వారి పని. రోగికి నొప్పి తగ్గిన రాత్రి మీకు కూడా నిద్ర దొరుకుతుంది.

ఈ రాత్రి మీరే జవాబు చెప్పుకోండి

1. ఈ రోజు నేను కూర్చొని ఎన్ని పూటలు తిన్నాను?
2. నిన్నటి నుండి ఇప్పటిదాకా ఎన్ని గంటలు పడుకున్నాను?
3. నా బిళ్ళ నేను వేసుకున్నానా?
4. “నాకేం కాలేదు” అని ఈ రోజు ఎవరితో అన్నాను? అది నిజమేనా?
5. రేపు ఎవరిని, ఏ పనికి, ఏ టైముకు రమ్మని అడుగుతాను?

అయిదో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాసుకోండి. రేపు పొద్దున మొదట ఆ ఫోనే చేయండి.

చివరగా ఒక చిన్న కోరిక. ఈ రాత్రి రౌండుకు వచ్చే సిస్టరు “అమ్మా, అన్నం తిన్నారా?” అని అడిగితే, తినకపోతే తినలేదనే చెప్పండి. మేము గదమాయించము. రోగి దగ్గర పది నిమిషాలు మేము నిలబడతాము. మీరు టిఫిన్ మూత తీసి, కూర్చొని తినండి.